తీపి మందు అయిపోయిన తరువాత

నమోదు 1

డాక్టర్ నస్రీన్ రాయమంది కాబట్టి రాస్తున్నాను, నాకేదో సరదా పుట్టి కాదు. ఆపరేషన్‌కు ముందు పిల్లలను నెమ్మదింపజేసే మందు మారింది. కొత్తది వేసిన ప్రతి పిల్లకూ ఏమైందో, ఏడ్చిందో, నిద్రపోయిందో, ఉన్నది ఉన్నట్టు రాయాలట. ఈ కాగితాలు నాలుగో గనిలో డాక్టర్లకు వెళతాయట. "నీ సోది వద్దు కనకక్కా, సంగతి రాయి చాలు" అంది. సోది లేకుండా సంగతి చెప్పడం నాకు చేతకాదు. ఓపిక ఉన్నవాళ్లు ఏరుకుని చదవండి.

పాత మందు ఎర్రటి సిరప్. మనుషులు ఇంకా పైన ఎండలో బతికిన రోజుల నాటి సీసాలవి. ఆఖరి సీసాలో నీళ్లు పోసి కుదిపి, ఆ కడుగునీళ్లు కూడా ఒక పాపకు తాగించేశాం. నోట్లో పెట్టుకోలేనంత చేదు. నేను చక్కెర నీళ్లు కలిపి తీపి చేసేదాన్ని. అందుకే ఈ మూడో గనిలో పిల్లలందరికీ నేను తీపత్తను. నా పేరు కనకతార అని వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

నాలుగో గనిలో ఏమంటారో గానీ ఇక్కడ మేం దాన్ని జల్లెడ అంటాం. గొంతులో గాలి దారికి అడ్డంగా అమర్చే సన్నని వల. అది లేకపోతే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషి పదేళ్లు కూడా నిలవడు. పిల్లకు నాలుగేళ్లు నిండగానే మొదటిది పెడతారు. గొంతు పెరుగుతుంది కాబట్టి ఏడేళ్లకు అది తీసి పెద్దది, పదకొండేళ్లకు ఇంకా పెద్దది. అంటే ఈ గనిలో పుట్టిన ప్రతి పిల్లా మూడుసార్లు నా చేతుల మీదుగా బల్ల ఎక్కాలి.

ఇక మా పద్ధతి. ఆ ఉదయం పిల్లకు కొత్త బట్టలు తొడుగుతారు. "ఇయ్యాల పండుగ" అంటారు. మేనమామ వచ్చి ఎత్తుకుని తెస్తాడు. వెనకటికి చెవులు కుట్టించేటప్పుడు మామ ఒళ్లోనే కూర్చోబెట్టేవారట, అదే ఇక్కడికీ వచ్చింది. మామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే నేను మందు తాగిస్తాను. ఆపరేషన్ అనే మాట ఎవరూ అనరు, అంటే అపశకునం. కాసేపటికి మత్తు పడుతుంది. మత్తులో కూడా కొందరు తల్లి కొంగు వదలరు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, రెండు చేతులూ గట్టిగా పట్టుకుని లోపలికి తీసుకెళ్లేది నేనే. లేచాక కొన్నాళ్లు మాట రాదు, చేతులతోనే అన్నీ చెబుతారు. మాట వచ్చాక వాళ్లు మొదట అడిగేది "పండుగ అయిపోయిందా?" అని. గొంతెందుకు నొస్తున్నదని అడిగితే "పండుగల గట్టిగ పాడినవ్ బిడ్డా" అంటాం. కొత్త బట్టలు గుర్తుంటాయి, తీపి నీళ్లు గుర్తుంటాయి, మామ ఒడి గుర్తుంటుంది. ఆ తర్వాతిదేదీ గుర్తుండదు.

కొత్త మందు నాచు గదుల్లో తయారైంది. ముక్కులో రెండు వైపులా కొట్టాలి. మొదట వచ్చినవాడు మోదుగ, ఏడేళ్ల వాడు. ఈ కాలం పిల్లలకు అందరూ మేం కళ్లతో చూడని పూల పేర్లే పెడుతున్నారు. వాడు రెండుసార్లు తుమ్మి, మామ ఒళ్లో ఒరిగి మామూలుగా నిద్రపోయాడు. పాత మందుకు కొందరు పిచ్చెత్తినట్టు తన్నేవారు, అదేమీ లేదు. బల్ల మీద పడుకోబెట్టేటప్పుడు మాత్రం కళ్లు తెరిచాడు. దీపాలు చూశాడు, పూర్తిగా నిద్రపుచ్చే గ్యాస్ గిన్నె మూతి మీదికి రావడం చూశాడు. చేతులు లాక్కోబోయాడు, నేను వదల్లేదు. నా మొహంలోకే చూస్తూ నిద్రపోయాడు. ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరమ్మ చాలా సంతోషంగా ఉంది.

నమోదు 2

అన్నం గదిలో మోదుగ కనిపించాడు. నేనెప్పటిలాగే చేతులు చాచాను. ఆపరేషన్ అయిన పిల్లలు నన్ను చూస్తే పరుగెత్తుకొచ్చి నడుము పట్టుకుంటారు, వంటగదివాళ్లు నన్ను చూసి కుళ్లుకుంటారు కూడా. వాడు రాలేదు. రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడు.

"ఏం రా, తీపత్తకు చెయ్యియ్యవా?"

"నువ్వు నా చేతులు వట్టినవ్" అన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "అది పండుగ గాదు. నా మూతి మీద గిన్నె వెట్టిండ్రు. నేను గుంజుకుంటె నువ్వు ఇడువలే."

వాళ్లమ్మ నవ్వేసి "వీనికేదో కల వడ్డదత్తా" అంది. వాడు కల కాదన్నాడు. గిన్నె నల్లగా ఉందని, దాని అంచు పగిలిందని, నా మెడలో తాళంచెవి ఊగుతోందని అన్నీ వరుసగా చెప్పాడు. బంతిలో కూర్చున్నవాళ్లందరూ తినడం ఆపి నా వంక చూశారు. నాకు మొహం మాడిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, అది ఇంటికి వెళ్లేదాకా ఆపుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మతో చెప్పాను.

"పాత మందుకు మతిమరుపు తెచ్చే గుణం ఉండె. పుస్తకంల దాన్ని దుష్ప్రభావం అని రాసిండ్రు" అంది. "దీనికి ఆ దుష్ప్రభావం లేదు. మంచిదే గదా అక్కా."

"మంచిదే. ఆ మతిమరుపును నమ్ముకునే మనం ఇన్నేండ్లు నెట్టుకొచ్చినం, అది ఏ పుస్తకంల రాసిండ్రు?" అన్నాను.

నోరు జారానని తర్వాత అనిపించింది. ఆమె మాత్రం కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది.

నమోదు 3

ఈ మధ్య ముక్కు మందుతో ఆపరేషన్లు అయిన పిల్లలు: ఇప్ప, రేల, తామర, ఇంకా కొందరు. అందరూ బాగా నిద్రపోయారు. అందరికీ అన్నీ గుర్తున్నాయి. కొందరు కదలకుండా కళ్లు మూసుకున్నా మా మాటలు విన్నారు కూడా. మందు సంగతి ఇంతే. ఇక సోది.

పాత ట్రాలీ పట్టాల దగ్గర పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకరు గుడ్డపేలిక చుట్టుకుంటారు, అది కొత్త బట్టలు. ఒకరు మామ. ఒకరు డాక్టరమ్మ. తీపత్తగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోరట, అందుకని పంటలు వేసుకుని, ఓడినవాళ్లు తీపత్త అవుతున్నారు. నేను గోడ చాటున నిలబడి చూశాను. ఓడిన పిల్ల ఏడుపుమొహం పెట్టుకుని "ఇయ్యాల పండుగ, రా బిడ్డా" అంటూ రెండో పిల్ల చేతులు విరిచి పట్టుకుంది. గొంతు అచ్చం నాలాగే పెట్టింది, దొంగముండ. నవ్వొచ్చింది. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

నిన్న బతుకమ్మ. కాగితం పూలు పేర్చి మధ్య హాల్లో పెట్టాం. తల్లులు పెట్టెల్లోంచి కొత్త బట్టలు తీశారు, అంతే, గనంతా ఒకటే ఏడుపు. మంచాల కింద దూరినవాళ్లు కొందరు, బట్టలు చించేసినవాళ్లు కొందరు. నాలుగేళ్లు నిండని పిల్లలు కూడా పెద్దవాళ్లను చూసి ఏడ్చారు. చివరికి అందరూ పాత చిరుగుల బట్టల్లోనే వచ్చారు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగారు గానీ పాట లేవలేదు. తిరుగుతున్న ప్రతి మనిషీ నా వంక ఒక చూపు విసిరింది. మందు నేను తయారు చేసినట్టు, ఈ పద్ధతి నేను పెట్టినట్టు! ఒళ్లు మండి మధ్యలోనే వచ్చేశాను.

నమోదు 4

నీళ్ల కొళాయి దగ్గర గునుగు నా కోసం కాచుకుని ఉంది. ఏడేళ్లు నిండాయి. మొదటి జల్లెడ పాత మందుతో పెట్టాం, దానికేమీ గుర్తు లేదు. తండ్రి పైకి పనికి వెళ్లి తిరిగి రాలేదు, తల్లి భార్గవి నాచు గదుల్లో పనిచేస్తుంది. ఇల్లంటే ఆ తల్లీపిల్లలిద్దరే. జల్లెడ బిగువై ఊపిరి తీస్తే గొంతులో ఈల వినిపిస్తోంది.

మిగతా పిల్లల్లా పారిపోలేదు. చేతులు మాత్రం చంకల్లో పెట్టుకుని నిలబడింది.

"తీపత్తా, నాకెప్పుడు జేస్తరు?"

"ఏంది చేసేది?"

"నాకు తెల్వదనుకున్నవా? మోదుగ అంత చెప్పిండు. ఎప్పుడు జేస్తరో ముందుగాల చెప్తవా?"

"చెప్తే ఉరుకవా?"

గునుగు ఆలోచించింది. ఈ పిల్ల ఏది అడిగినా ఆలోచించే చెబుతుంది, అది నాకు ఇష్టం.

"ఉరుక. ముందుగాల చెప్తే ముందే ఏడ్సుకుంట. ఇంట్ల ఏడ్సుకుంట, అమ్మ పక్కన పండుకోని. ఆ దినం ఏడ్వ."

"సరే, చెప్త."

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాను. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

నమోదు 5

గని పెద్దలు కూర్చున్నారు, నన్నూ డాక్టరమ్మనూ పిలిచారు. పిల్లలకు నిజం చెబుదామన్నాను. ముందురోజే కూర్చోబెట్టుకుని, బల్ల చూపించి, గిన్నె చేతికిచ్చి, ఇది ఇట్లా, ఇది ఇట్లా అని చెబుదామన్నాను. డాక్టరమ్మ నా వైపే మాట్లాడింది.

లేచింది రాజలింగు, గునుగు మేనమామ. పెద్ద ఫ్యాన్ల దగ్గర పని, ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు.

"చెప్పినంక పిల్ల రానంటె ఏం జేస్తవక్కా? బలిమిటికి తీస్కపోతవా? నా కోడలు గొంతుల ఈల ఇంటున్నవా నువ్వు? ఇంకో వారం ఆగితె అది ఉంటదా? మా తాతల నాటికెల్లి ఇదే పద్ధతి. నువ్వు పెంచినవా, నువ్వు కన్నవా?"

నాకు పిల్లల్లేరు. ఆ మాట అతనికీ తెలుసు. అన్నాక తల దించుకున్నాడు గానీ, అన్నది అన్నాడు. పెద్దలు పాత పద్ధతే ఖాయం చేశారు.

బయటికి వచ్చాక భార్గవి నా రెండు చేతులూ పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"చెప్పకు అత్తా. నీ కాళ్లు మొక్కుత. దానికి తెలిస్తె ఆ రాత్రంత నేనే తట్టుకోను. ఈ ఒక్కసారికి ఎట్లనో అయిపోనియ్యి. పదకొండేండ్లప్పుడు పెద్దదయితది, అప్పుడు చెప్దువు."

నేను పిల్లకు మాటిచ్చానని ఆమెకు చెప్పలేకపోయాను. సరే అన్నాను. తర్వాత గునుగు రెండుసార్లు ఎదురైంది. కనుబొమలు పైకెత్తి ఏమైనా ఉందా అన్నట్టు చూసింది. నేను ఏమీ లేదన్నట్టు తల ఊపాను. నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నమోదు 6

వరుసగా రాస్తాను, లేకపోతే రాయలేను.

ఉదయం ముక్కు మందు సిద్ధం చేసుకుని గదిలో కూర్చున్నాను. రాజలింగు చెల్లెలి ఇంటికి వెళ్లాడు, పిల్లను ఎత్తుకు రావడానికి. భార్గవి పెట్టెలోంచి ఆకుపచ్చ గౌను తీసింది. గునుగు మంచం మీద కూర్చుని చూసిందట. అరవలేదట. "తీపత్త చెప్పలేదే" అందట, అంతే. మరుక్షణం మామ చేతి కిందినుంచి దూరి తలుపు దాటింది.

రాజలింగు పరుగున వచ్చి చెబితే నేనూ వెతకడానికి బయలుదేరాను. భార్గవితో కలిసి ముగ్గురం పిల్ల పేరు పెట్టి పిలుస్తూ ట్రాలీ పట్టాలు, అన్నం గది, నాచు గదులు అన్నీ తిరిగాం. పెద్ద ఫ్యాన్లకు ఉన్న వలలను రోజుకొకసారి దులుపుతారు. సైరన్ మోగగానే అందరూ తలుపులు వేసుకుంటారు, ఆ దుమ్మంతా వాపసు సొరంగంలోంచి, అంటే చెడ్డగాలి పోయే దారిలోంచి, బయటికి పోతుంది. ఆ సొరంగంలోకి ఎవరూ వెళ్లరు. ఎవరూ రారనే ఆ పిల్ల అక్కడికి వెళ్లింది. మేం వెతుకుతుండగానే సైరన్ మోగింది, సొరంగం మూతి దగ్గర దాని చెప్పు ఒకటి కనిపించింది.

రాజలింగు ఫ్యాన్ ఆపించడానికి పరుగెత్తాడు, ఆ మీట ఎక్కడో అవతలి కొసన ఉంటుంది. గోడకు ఒక్కటే దుమ్ము ముసుగు వేలాడుతోంది. భార్గవి అది లాక్కుని మొహానికి పెట్టుకుని లోపలికి దూరింది. చేతిలో ఆ గౌను అలాగే ఉంది, పారేయాలని కూడా ఆమెకు తోచలేదు. నేను మూతి దగ్గర నిలబడి ఇద్దరి పేర్లూ పెట్టి కేకలు వేశాను. లోపల నలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

కాసేపటికి గునుగు ఒక్కతే వచ్చింది. తల్లి పెట్టుకున్న ముసుగు దాని మొహం మీద ఉంది, జారిపోకుండా రెండు చేతులా పట్టుకుంది. వచ్చి నా కాళ్ల దగ్గర పడిపోయింది. గొంతులో ఈల లేదు, గరగరమంటోంది.

"అమ్మ ఎనుక వస్తున్నది" అంది. "నువ్వు ఉరుకు, నేనొస్తున్న అన్నది."

లోపలికి చూశాను. ఎవరూ రాలేదు. పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయి. భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాను. ఈ మోకాళ్లతో అంత దూరం ఎలా పరుగెత్తానో నాకే తెలియదు.

డాక్టరమ్మ గొంతులోకి దీపం వేసి చూసింది. నన్ను పక్కకు లాగింది.

"జల్లెడ మూసుకపోయింది. ఇప్పుడే తియ్యాలె. ముక్కు మందు పట్టేదాక ఆగలేం" అంది. "గ్యాస్ పెట్టేటప్పుడు ఏడిస్తె, గింజుకుంటె గొంతు బిగుసుకపోతది. బిగుసుకుంటె ఇక నేనేం చెయ్యలేను. నిమ్మలంగ నిద్ర పోవాలె. ఎట్ల చేస్తవో చెయ్యి అక్కా."

మందు లేకుండా ఒక్క పిల్లనూ నేను ఆ బల్ల మీదికి పంపలేదు ఇంతవరకు.

అప్పుడే రాజలింగు వచ్చాడు. ఫ్యాన్ ఆగాక సొరంగంలోకి దూరినట్టున్నాడు, ఒళ్లంతా నల్లటి దుమ్ము. తలుపు దగ్గర నిలబడి, పిల్ల తల మీదుగా మా ఇద్దరి వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. అతని చేతిలో ఆకుపచ్చ గౌను ఉంది. గౌను చేతులు రెండూ తాడులా మెలితిప్పి ముడి వేసి ఉన్నాయి. ముసుగు పిల్లకు పెట్టి, ఆ గౌనునే ముక్కుకు కట్టుకుంది భార్గవి. అది చాలలేదు.

పిల్ల అటు తిరగలేదు కాబట్టి చూడలేదు. రాజలింగు గౌను చొక్కాలో దోపుకుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, వచ్చి బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. పద్ధతి ప్రకారం ఎలా కూర్చోబెట్టుకోవాలో అలాగే కూర్చోబెట్టుకున్నాడు.

నేను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాను. గునుగు చేతులు చంకల్లో దాచుకుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి లాగుతూ అడిగింది.

"ఇయ్యాల... పండుగా?"

"కాదు" అన్నాను. "ఆపరేషన్."

ఆ మాట ఆ గదిలో ఒక పిల్లతో నేనెన్నడూ అనలేదు.

"ముందుగాల... చెప్తనన్నవ్."

"అన్న. చెప్పలే. ఒట్టేసి చెప్పలే. తప్పు నాదే బిడ్డా. ఇప్పుడు అంత చెప్త, ఇను. ఆ నల్ల గిన్నె మూతి మీద పెడ్తరు. పాడు వాసన. కడుపుల తిప్పినట్టయితది. నేను నీ చేతులు వడ్త. నువ్వు ఇడువుమన్న ఇడువ. కోసేటప్పుడు నీకు తెల్వదు. లేచినంక గొంతు మండుతది. బాగ మండుతది. మాట రాదు."

"పండుగల పాడితే... గొంతు వోయిందంటరు?"

"అబద్ధం అది. ఎవ్వలూ పాడలే."

గునుగు ఆలోచించింది. అంత ఆయాసంలోనూ ఆలోచించింది. తర్వాత చంకల్లోంచి చేతులు తీసి నాకు ఇచ్చింది. తనంతట తాను ఆ గదిలో నాకు చేతులిచ్చిన పిల్ల ఇంకొకరు లేరు. చల్లగా, దుమ్ము పట్టి ఉన్నాయి. డాక్టరమ్మ గిన్నె దగ్గరికి తెచ్చింది. పిల్ల బెదరలేదు, మూతి కూడా కొంచెం ముందుకు పెట్టింది. నేను లోపల్లోపలే హమ్మయ్య అనుకున్నాను.

"అమ్మ వచ్చిందా?" అంది.

రాజలింగు మోకాళ్లు వణకడం మొదలైంది. ఒళ్లో ఉన్న పిల్ల కూడా ఊగుతోంది. చూపు పైకెత్తి అతని గడ్డం వంక చూసింది.

"మామ... ఎందుకు వణుకుతుండు?"

"ఉరికొచ్చిండు గదా బిడ్డా."

"నేను లేసేటాల్లకు... అమ్మ ఉంటదా?"

డాక్టరమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. రాజలింగు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అతను చెప్పలేడు, ఆమె చెప్పదు, ఆ ప్రశ్న నన్నే అడిగింది ఆ పిల్ల. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషినని నమ్మి అడిగింది. నిజం చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే గొంతు బిగుసుకుంటుంది. నాకు ఆలోచించడానికి ఒక్క ఊపిరి అంత సమయం కూడా లేదు.

"ఉంటది" అన్నాను.

"నిజంగ?"

"నిజంగ."

తల ఊపింది. నమ్మింది. చెడ్డ సంగతులన్నీ దాచకుండా చెప్పిన మనిషి ఇదొక్కటీ ఎందుకు అబద్ధం చెబుతుంది? గిన్నె మూతి మీదికి వచ్చింది. వాసనకు మొహం చిట్లించింది, చేతులు మాత్రం లాక్కోలేదు. కళ్లు వాలిపోయేదాకా నా మొహంలోకే చూసింది. ఏ మందూ వేసుకోని ఆ పిల్ల అందరికంటే నెమ్మదిగా నిద్రపోయింది.

నమోదు 7

ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త జల్లెడ సరిగ్గా కూర్చుంది. పిల్ల పెదవులకు రంగు వచ్చింది. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి నేల మీదే కూర్చుండిపోయింది.

భార్గవిని మధ్య హాల్లో పడుకోబెట్టారు. నేను వెళ్లి మొహం తుడిచి వచ్చాను. మొహమంతా నల్లటి దుమ్మే, ముక్కు చుట్టూ మాత్రం తెల్లగా ఉంది, గౌను కట్టుకున్న చోట.

"ఎక్కడన్న, ఏ మూలనన్న, పాత మందు ఒక్క చుక్క లేదా?" అని డాక్టరమ్మను అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను.

"లేదక్కా. ఉన్నా ఏం లాభం? మందు తాగినంక జరిగింది చెరుపుతది గానీ, అంతకు ముందు ఇన్నది చెరపదు. నాకంటే నీకే బాగ తెల్సు."

నిజమే, నాకే బాగా తెలుసు.

వరండాలో జనం గుమిగూడారు. తల్లి పైకి పనికి పోయిందని పిల్లకు చెబుదామన్నారు ఒకరు. గొంతు మానేదాకా ఆగుదామన్నారు ఇంకొకరు. నాలుగో గనికి పంపామని చెబుదామన్నది మోదుగ వాళ్లమ్మ. అందరూ మంచి మనసుతోనే అన్నారు, ఒక్కొక్కరూ ఒక్కో అబద్ధం తెచ్చి నా ముందు పెట్టారు. వినీ వినీ విసుగెత్తింది.

"నోర్లు మూయున్రి" అన్నాను. "ఆ పిల్లకు మాటిచ్చి తప్పింది నేను. చెప్పేది కూడ నేనే."

రాజలింగు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "నేను కూడ వస్త అక్కా" అన్నాడు. చాలా చిన్న గొంతుతో అన్నాడు, అతనికి అలాంటి గొంతు కూడా ఉందని నాకు తెలియదు.

ఇద్దరం మంచానికి చెరో పక్కా కూర్చున్నాం. లోపలికి తీసుకెళ్లేటప్పుడు పట్టుకున్న చేతులు నేను మళ్లీ పట్టుకున్నాను. లేచేదాకా వదలకూడదనుకున్నాను. ఆ చేతులు నిద్రలో వెచ్చబడ్డాయి.

గునుగు కళ్లు తెరిచింది. మత్తు లేదు, మబ్బు లేదు, చూపు తేటగా ఉంది. మొదట నన్ను చూసింది. తర్వాత మామను చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేకపోతే మళ్లీ నా వైపు తిరిగింది. మాట రాదు కాబట్టి ఒక చెయ్యి విడిపించుకుని, అరచేయి బుగ్గకు ఆనించుకుంది. పిల్లలందరూ అమ్మను అడగడానికి చేసే సైగ అదే. చెయ్యి మళ్లీ తెచ్చి నా చేతిలో పెట్టి, జవాబు కోసం చూసింది.

చెప్పాను. సొరంగంలో దుమ్ము సంగతి, ముసుగు సంగతి, గౌను సంగతి, అన్నీ చెప్పాను. నువ్వు అడిగినప్పుడే నాకు తెలుసని చెప్పాను. తెలిసీ ఉంటదన్నానని చెప్పాను. మధ్యలో రాజలింగు ఏడుపు ఆపుకోలేకపోయాడు. నేను ఆగలేదు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను.

గునుగు చివరిదాకా కదలకుండా విన్నది. నోరు తెరిచి ఏడ్చింది, చప్పుడు రాలేదు. తర్వాత రెండు చేతులూ నా చేతుల్లోంచి మెల్లగా తీసుకుని దుప్పటి కింద పెట్టుకుంది.